గాదెలో గింజలెన్ని, మొలిచేవెన్ని: ఏఎంహెచ్ 0.8 వచ్చిన కావలి అమ్మాయికి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కావలిలో ఉంటారు, వయసు 31, పెళ్లయి ఏడాదిన్నర. ఆరేళ్ల క్రితం కుడివైపు అండాశయంలో చాక్లెట్ సిస్ట్ (ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు వల్ల పాత రక్తం నిండే గడ్డ) ఉంటే ఆపరేషన్ చేసి తీశారు. నెలసరి 26 రోజులకు ఠంచనుగా వస్తోంది. మీ ఆయనకు బెంగళూరులో ఉద్యోగం, పదిహేను రోజులకోసారి వచ్చి రెండు రోజులుండి వెళ్తారు. గుడ్ల నిల్వను అంచనా కట్టే ఏఎంహెచ్ అనే రక్తపరీక్షలో 0.8 వచ్చింది. ఆ కాగితం చూసినవాళ్లు "మీ గుడ్లు అయిపోవచ్చాయి, ఉన్నవి కూడా మంచివి కావు, వేరేవాళ్ల గుడ్డుతో ఐవీఎఫ్‌కు, అంటే టెస్ట్ ట్యూబ్ వైద్యానికి, వెళ్లండి" అన్నారు. ఆ రోజు నుంచి మీకు నిద్ర లేదు. నిజంగానే గుడ్లు అయిపోయాయా, గుడ్డు బాగుపడే మందులున్నాయా, అత్తగారికి ఏమని చెప్పాలి అని అడిగారు.

నేను నెల్లూరులో, ఒంగోలులో కలిపి ఇరవై ఆరేళ్లుగా ఈ వైద్యమే చేస్తున్నాను. మిమ్మల్ని చూడలేదు, స్కానింగ్ చేయలేదు కాబట్టి మందు రాయను. కానీ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. 31 ఏళ్ల వయసులో, నెలనెలా నెలసరి వస్తున్న మనిషికి, 0.8 అనే ఒక్క అంకె చూసి దాత గుడ్డు అని చెప్పడం తప్పు. ఆ మాట మీ మనసులోంచి తీసేయండి. అలాగని ఇంకో రెండేళ్లు ఆగి చూద్దామని కూడా అనుకోవద్దు. మీకు ఆగేంత తీరిక లేదు. ఎందుకో చెప్తాను.

మీది రైతు కుటుంబమని రాశారు, కాబట్టి ఇది మీకు తేలిగ్గా తెలుస్తుంది. నారు పోసే ముందు మా నాయన గాదెలోంచి వంద వడ్లగింజలు లెక్కపెట్టి తీసి తడి గోనెపట్టాలో చుట్టి పెట్టేవాడు. మూడోనాడో నాలుగోనాడో విప్పి ఎన్ని మొలకెత్తాయో చూసేవాడు. గాదెలో ఎన్ని బస్తాలున్నాయన్నది ఒక లెక్క, నూటికి ఎన్ని మొలుస్తాయన్నది ఇంకో లెక్క. ఏఎంహెచ్ చెప్పేది మొదటి లెక్క. రెండోది చెప్పే రక్తపరీక్ష ఇప్పటిదాకా లేదు. దానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది మీ పుట్టిన తేదీ.

ఏఎంహెచ్ అంటే యాంటీ ములేరియన్ హార్మోన్. 1940లలో ఆల్‌ఫ్రెడ్ జోస్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కుందేలు పిండాల మీద పనిచేస్తూ, మగపిండంలో గర్భసంచి మొలకను (దాన్నే ములేరియన్ నాళం అంటారు) కరిగించేసే పదార్థం ఒకటుందని తేల్చాడు. ఆ పేరు అలా వచ్చింది. ఆడవాళ్లలో దాన్ని తయారుచేసేవి అండాశయంలోని చిన్న ఫాలికిల్స్. ఫాలికిల్ అంటే గుడ్డును పెట్టుకుని పెరిగే బుడగ. చిన్న బుడగలు ఎన్ని ఎక్కువుంటే రక్తంలో ఏఎంహెచ్ అంత ఎక్కువ. ఐవీఎఫ్‌లో ఇంజెక్షన్ ఏ మోతాదులో ఇవ్వాలి, ఇస్తే ఎన్ని గుడ్లు చేతికొస్తాయి అని అంచనా కట్టడానికి ఇది చాలా బాగా పనికొస్తుంది. మేము వాడేది ఆ పనికే. ఇంట్లో మామూలుగా గర్భం రావడానికి నెలకు కావాల్సింది ఒక్క గుడ్డు. ఆ ఒక్కటీ మీకు 26 రోజులకోసారి విడుదలవుతున్నట్టే కనిపిస్తోంది.

ఈ సంగతి పరీక్షించి చూశారు కూడా. అమెరికాలో నార్త్ కరోలినాలో 30 నుంచి 44 ఏళ్ల మధ్య వయసున్న, అప్పుడప్పుడే బిడ్డ కోసం ప్రయత్నం మొదలుపెట్టిన 750 మందిని గమనించి 2017లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలసరుల లోపు గర్భం వచ్చే అవకాశం ఏఎంహెచ్ మామూలుగా ఉన్నవాళ్లలో 62 శాతం, 0.7 కంటే తక్కువున్నవాళ్లలో 65 శాతం. అంటే తేడా లేదు. ఆ అంకెల్ని మీకు అచ్చంగా అంటగట్టను, ఎందుకంటే వాళ్లెవరికీ సంతాన సమస్య ఉన్న చరిత్ర లేదు, మీకు చాక్లెట్ సిస్ట్ ఉండింది. కానీ అంకె తక్కువైతే గర్భమే రాదన్న మాట నిలవదని చెప్పడానికి ఆ పరిశోధన చాలు.

ఇంకో జాగ్రత్త. ఏఎంహెచ్ అంకె ల్యాబుకూ ల్యాబుకూ, కిట్టుకూ కిట్టుకూ మారుతుంది. గర్భనిరోధక మాత్రలు వేసుకుంటున్నప్పుడు తీస్తే తగ్గి కనిపిస్తుంది. కొలత కూడా రెండు రకాలుగా ఇస్తారు. ఒకావిడ తన కాగితం మీద 5.7 అని చూసి చాలా బాగుందనుకుని తొమ్మిది నెలలు ఊరుకున్నారు. అది పీకోమోళ్లలో ఇచ్చిన లెక్క. మిల్లీలీటరుకు 1 నానోగ్రాము అంటే లీటరుకు సుమారు 7 పీకోమోళ్లు. అంటే ఆవిడదీ మీ 0.8కి సమానమే. మీ కాగితం మీద అంకె పక్కన ఏం రాసుందో చూడండి. నెలసరి రెండో రోజో మూడో రోజో లోపలి స్కానింగ్‌లో రెండు అండాశయాల్లోని చిన్న బుడగలు లెక్కపెడతారు. ఆ లెక్క, ఈ అంకె రెండూ ఒకే మాట చెప్తేనే నమ్మాలి.

మరి 31 ఏళ్లకే ఎందుకు తగ్గింది? నాకు ముందు తోచేది ఆ ఆపరేషనే. చాక్లెట్ సిస్ట్ గోడ అండాశయానికి అతుక్కుని ఉంటుంది. ఎంత చేయి తిరిగిన సర్జన్ ఒలిచినా దాంతోపాటు మంచి కండ కొంత ఊడి వస్తుంది. రక్తం ఆపడానికి కాల్చిన చోట ఇంకొంత పోతుంది. అసలు ఆ జబ్బే, ఆపరేషన్ లేకపోయినా, గుడ్ల సంఖ్యను కొంత తగ్గిస్తుంది. మీ కుడి గాదె అలా ఖాళీ అయి ఉంటుంది. ఎడమది ఉంది. మిగిలిన గింజల వయసు మాత్రం 31 ఏళ్లే, ఆపరేషన్ వల్ల అవి ముసలివైపోలేదు. ఆపరేషన్ చేసేముందు మీకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదని రాశారు. పెళ్లికాని అమ్మాయిలకు సిస్ట్ తీసేముందు ఏఎంహెచ్ చూసి, గుడ్లు దాచుకోవచ్చన్న మాట ఒక్కసారైనా చెప్పడం మా బాధ్యత. అది జరగనప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఇంకో కారణం కూడా చూడాలి. మీ అమ్మగారికి, పెద్దమ్మకు, పిన్నులకు ఏ వయసులో నెలసరి ఆగిందో అడగండి. 40 ఏళ్ల లోపే దానంతటది ఆగిన వాళ్లుంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పాలి, దానికి జన్యుపరీక్షలు ఉన్నాయి. అడిగేటప్పుడు మాత్రం కొంచెం విప్పి అడగాలి. "మా అమ్మకు ముప్పై అయిదుకే ఆగిపోయింది మేడమ్" అంటారు, తీరా చూస్తే గర్భసంచి తీయించుకుని ఉంటారు. మన రాష్ట్రంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో మిగతాచోట్ల కంటే చాలా ఎక్కువ, అదీ ముప్పైల్లోనే. తెల్లబట్టకీ, నడుంనొప్పికీ సంచి తీయించేసుకున్న తల్లుల కూతుళ్లకు తమ వంశంలో నెలసరి ఎప్పుడు ఆగుతుందో తెలుసుకునే దారే మూసుకుపోయింది.

ఇక క్వాలిటీ. ఈ మాటను అందరూ వాడతారు, అదేంటో చెప్పేవాళ్లు తక్కువ.

ఆడపిల్ల తల్లి కడుపులో అయిదు నెలల పిండంగా ఉన్నప్పుడు ఆమె అండాశయాల్లో 60 నుంచి 70 లక్షల గుడ్లు ఉంటాయి. పుట్టేసరికి 10 నుంచి 20 లక్షలు, పెద్దమనిషయ్యేసరికి మూడు నాలుగు లక్షలు. జీవితం మొత్తం మీద విడుదలయ్యేవి 400, 500 మాత్రమే. మిగతావన్నీ లోపలే కరిగిపోతాయి. మాత్రలు వేసుకున్నా, గర్భవతిగా ఉన్నా, ఏమీ చేయకపోయినా కరుగుతూనే ఉంటాయి. ఐవీఎఫ్ ఇంజెక్షన్లు గుడ్లను ముందే వాడేస్తాయన్న భయం చాలామందికి ఉంది, అది నిజం కాదు. ఆ నెల ఎలాగూ కరిగిపోయే వాటిలో కొన్నిటిని ఆ ఇంజెక్షన్లు పెంచి చేతికిస్తాయి, అంతే.

ఒక్కో గుడ్డులో 46 క్రోమోజోములుంటాయి. వాటిలో సగం బయటికి తోసేసి 23 ఉంచుకుంటేనే అది బిడ్డ కావడానికి పనికొస్తుంది. ఆ పంపకం మీరు పుట్టకముందే మొదలై మధ్యలో ఆగిపోయింది. ఆగినప్పుడు ఆ జతలు విడిపోకుండా కొహెసిన్ అనే ప్రోటీన్ కట్టి ఉంచుతుంది. ఆ కట్టును గుడ్డు మళ్లీ కొత్తగా వేసుకోలేదు. ఒకసారి పురికొసతో కట్టిన పొగాకు బేలును ముప్పై నలభై ఏళ్లు అలాగే ఉంచితే ఆ పురికొస ఎలా చీకిపోతుందో, ఆ కట్టు కూడా అలా వదులవుతుంది. గుడ్డు విడుదలయ్యే ముందు పంపకం మళ్లీ మొదలైనప్పుడు ఒక క్రోమోజోము ఎక్కువో తక్కువో పడుతుంది. అలాంటి గుడ్డుతో గర్భం రాదు, వచ్చినా చాలాసార్లు మూడు నెలల్లోపే పోతుంది. నిలిచే కొద్దివాటిలో డౌన్ సిండ్రోమ్ ఒకటి. ఈ లోపాలు ఇరవైల చివర్లో అన్నిటికంటే తక్కువ. 35 దాటాక వేగంగా పెరుగుతాయి, నలభైల్లోకి వచ్చేసరికి సగానికి మించిన పిండాలు అలాగే ఉంటాయి.

మీకు 31. మీ గుడ్లు సంఖ్యలో తక్కువున్నా వాటిలో మంచివాటి పాలు 31 ఏళ్ల మనిషికి ఉండేంత ఉంటుంది. ఏఎంహెచ్ 4 ఉన్న 42 ఏళ్ల ఆవిడ కంటే ఈ విషయంలో మీరే మెరుగు.

2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై దాటిన ఆవిడకు కవల ఆడపిల్లలు పుట్టారు. పేపర్లలో, టీవీల్లో అంతటా వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం నా దగ్గరికి నలభై అయిదు, నలభై ఏడేళ్ల వాళ్లు వచ్చి "ఆమెకు అయినప్పుడు నాకెందుకు కాదు మేడమ్" అని అడిగేవారు. అక్కడ వాడింది వయసులో ఉన్న దాత గుడ్డు. గర్భసంచికి వయసు మీద పడినా హార్మోన్లిచ్చి బిడ్డను మోయించవచ్చు, గుడ్డు విషయంలో అది కుదరదు. వయసు దేనికి అడ్డమో ఆ ఒక్క ఉదంతంతో తెలుస్తుంది. 2021లో చేసిన చట్టం ప్రకారం ఇప్పుడు 50 దాటిన ఆడవాళ్లకు మన దేశంలో ఈ వైద్యం చేయకూడదు.

ఇప్పుడు మీ ఇద్దరి సంగతికి వస్తాను. అందరూ మీ గుడ్ల గురించే మాట్లాడారు, క్యాలెండరు ఎవరూ చూడలేదు.

నెలసరి మొదలైన రోజును ఒకటిగా లెక్కేస్తే, 26 రోజుల నెలసరిలో గుడ్డు సుమారు 12వ రోజు విడుదలవుతుంది. అది బతికేది ఒక్కరోజు. మగవారి కణాలు లోపల అయిదు రోజుల వరకు బతుకుతాయి. కాబట్టి గర్భం రావడానికి వీలున్న రోజులు నెలకు ఆరు, మీ లెక్కలో 7వ రోజు నుంచి 12వ రోజు దాకా. పదిహేను రోజులకోసారి వచ్చి రెండు రోజులుండి వెళ్లే మనిషి ఆ ఆరు రోజుల్లో ఏదో ఒకటి తగలడం సగం నెలల్లోనే జరుగుతుంది. తగిలిన నెలల్లో కూడా కొన్నిసార్లు మొదటి అంచున తగిలి ఉంటుంది, అప్పటికి గుడ్డు ఇంకా అయిదు రోజుల దూరంలో ఉంటుంది. మీ ఏడాదిన్నరలో సుమారు 21 నెలసరులు వచ్చాయి. వాటిలో గట్టిగా ప్రయత్నించినవి ఏడెనిమిది ఉంటే గొప్ప. నాకు తెలిసిన జంటల్లో గల్ఫ్‌లో ఉండేవాళ్లు, చెన్నైలో హోటల్ పని చేసేవాళ్లు, లారీల మీద వెళ్లేవాళ్లు ఎందరో. ఇంటికి మూడేళ్లుగా పిల్లల్లేరని పేరు, కలిసి గడిపిన సరైన రోజులు చూస్తే పట్టుమని పది నెలలుండవు. మీ ఆయన్ని శనివారం చూసి కాకుండా మీ నెలసరి చూసి రమ్మనండి. 9వ రోజు రాత్రి బస్సు ఎక్కి వచ్చి 12 వరకు ఉండాలి. ఇంటి నుంచి పని చేసే వెసులుబాటు ఉందని రాశారు, దాన్ని ఈ నాలుగు రోజులకే వాడుకోమనండి. మెడికల్ షాపులో అండం విడుదల తెలిపే స్ట్రిప్పులు దొరుకుతాయి, 8వ రోజు నుంచి చూసుకోవచ్చు.

మీ ఆయనకు వీర్యపరీక్ష చేయించారా అని వెతికాను. మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. పెళ్లయిన ఏడాదిన్నరలో మీకు మూడుసార్లు స్కానింగ్, రెండుసార్లు రక్తపరీక్షలు, ఒకసారి ఏఎంహెచ్. ఆయనకు ఒక్కటీ లేదు. గర్భం రాని జంటల్లో సుమారు సగం చోట్ల మగవారి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. కొన్ని వందల రూపాయల పరీక్ష, సూది కూడా పొడవరు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి ఇవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్క ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, వాటిలో కదిలేవి 42 శాతం ఉంటే కింది హద్దు దాటినట్టు. తక్కువొస్తే వెంటనే మందులు మొదలుపెట్టకుండా కొన్ని వారాలాగి మళ్లీ చూడాలి, ఎందుకంటే ఆ కణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది, మధ్యలో జ్వరమొచ్చినా తగ్గుతుంది. గుట్కా, సిగరెట్ ఉంటే మానాలి. జిమ్‌లో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వేయించుకునే కుర్రాళ్లకు కౌంట్ సున్నాకు పడిపోవడం నేను చూస్తున్నాను. అడగడానికి మొహమాటపడకండి.

మందుల సంగతి. మీరు పెట్టిన ఫొటోలో ఆరు రకాల మాత్రలున్నాయి. వాటిలో మీకు తప్పకుండా కావాల్సింది ఒక్కటే, ఫోలిక్ యాసిడ్. గర్భం రాకముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకుంటే బిడ్డకు వెన్నుపాము లోపం వచ్చే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఆ మందును మొదట ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ కంపెనీ బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే, 1945లో. ఆ మాత్ర రాసేటప్పుడల్లా ఆయన గుర్తొస్తారు. మన షాపుల్లో ఎక్కువగా దొరికేది 5 మిల్లీగ్రాములది. అంత మోతాదు మూర్ఛ మందులు వాడేవాళ్లకు, అంతకుముందు అలాంటి బిడ్డ పుట్టినవాళ్లకు, ఇంకా కొద్దిమందికి కావాలి. మీకు ఏది సరిపోతుందో మీ డాక్టర్ని అడగండి.

కోఎంజైమ్ క్యూ10 గుడ్డులోని మైటోకాండ్రియాకు (కణంలో శక్తి తయారయ్యే భాగాలకు) బలమిస్తుందన్న ఆలోచనతో ఇస్తారు. గుడ్ల నిల్వ తగ్గిన చిన్నవయసు వాళ్లలో ఐవీఎఫ్ ముందు ఇస్తే కొన్ని గుడ్లు ఎక్కువ వచ్చాయని చైనాలో చేసిన ఒక పరిశోధన 2018లో చెప్పింది. బిడ్డలు ఎక్కువ పుట్టారని మాత్రం రుజువు కాలేదు. వాడినా పెద్దగా కీడు లేదు, డబ్బుకే నష్టం. డీహెచ్ఈఏ అలా కాదు. అది శరీరంలో మగ హార్మోనుగా మారే పదార్థం. మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు వస్తాయి. దానికున్న ఆధారం బలహీనం, మీ అంతట మీరు వాడొద్దు. మన రక్తం తీసి, అందులో ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని అండాశయంలోకి ఎక్కించే పీఆర్‌పీ ఇంజెక్షను గురించి ఇప్పుడు గట్టిగా ప్రచారం చేస్తున్నారు. దాన్ని మామూలు వైద్యంగా వాడొద్దని యూరప్ సంతాన వైద్యుల సంఘం 2023లో చెప్పింది. నిరుడు ఒకావిడ దానికోసం పొగాకు అమ్మిన డబ్బు మొత్తం పెట్టేసి, ఐవీఎఫ్‌కు డబ్బు లేక నా ముందు కూర్చుని ఏడ్చారు. ఆమెకు 39. ఆ డబ్బుతో రెండేళ్ల ముందు సొంత గుడ్లతో ప్రయత్నించి ఉండొచ్చు.

పనికొచ్చేవి చెప్తాను. చిన్న బుడగ పెరిగి విడుదలయ్యే స్థాయికి రావడానికి చివరి దశ ఒక్కటే 85 రోజుల దాకా పడుతుంది. కాబట్టి ఈరోజు మార్చుకున్న అలవాటు మూడు నెలల తర్వాతి గుడ్డుకు అందుతుంది. మీ పుట్టిల్లు పొదిలి దగ్గరని, సీజన్‌లో వెళ్లి పొగాకు బ్యారన్ దగ్గర సాయం చేస్తారని చివర్లో రాశారు. పొగ తాగే ఆడవాళ్లకు నెలసరి ఒకటి రెండేళ్లు ముందే ఆగుతుందని తేలింది. పొగలోని విషాలు గుడ్లను తొందరగా కరిగిస్తాయి. మీరు తాగరు, కానీ ఇంట్లో చుట్ట తాగేవాళ్ల పక్కన కూర్చోకండి. తడి ఆకు పట్టుకుంటే నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి వెళ్తుంది. ఆకు కోసిన రోజు తలతిరగడం, వాంతులు అందుకే. బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నంతకాలం ఆ పనికి వెళ్లొద్దు. మీ అమ్మగారికి నేను చెప్పానని చెప్పండి.

పరిశోధన ఎంతవరకు వచ్చిందని కూడా అడిగారు. పుట్టాక కొత్త గుడ్లు తయారుకావని 1951లో జుకర్‌మన్ అనే శాస్త్రవేత్త గట్టిగా వాదించాడు, అదే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 2004లో అమెరికాలో జొనాథన్ టిల్లీ బృందం ఎలుకల అండాశయాల్లో కొత్త గుడ్లు ఇచ్చే మూలకణాలున్నాయని ప్రకటించింది. ఇరవై ఏళ్లు దాటినా ఆ వాదన తెగలేదు, మనుషుల్లో ఆ దారిన ఒక వైద్యం తయారు కాలేదు. "స్టెమ్ సెల్స్‌తో గుడ్లు పుట్టిస్తాం" అని ఎవరైనా డబ్బడిగితే లేచి వచ్చేయండి. నిద్రపోతున్న బుడగల్ని లేపే ప్రయోగం జపాన్‌లో కవామురా చేశారు. అండాశయం ముక్క తీసి, మందులో ఉంచి, మళ్లీ పెట్టారు. 2013లో ప్రకటించినప్పుడు 27 మందిలో ఒకరికి బిడ్డ పుట్టింది. రాపమైసిన్ అనే మందు తక్కువ మోతాదులో ఇస్తే గుడ్లు కరిగే వేగం తగ్గుతుందా అని న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు చూస్తున్నారు. 2025 సెప్టెంబరు చివర్లో "చర్మం నుంచి గుడ్డు" అని మీరు చూసిన వార్త అమెరికాలో ఆరెగాన్‌లో జరిగిన పని. చర్మకణంలోని కేంద్రకాన్ని ఖాళీ చేసిన దాత గుడ్డులో పెట్టి 82 గుడ్లు తయారుచేశారు. ఫలదీకరణ చేస్తే ఆరో రోజుకు చేరినవి 9 శాతమే, అన్నిటిలోనూ క్రోమోజోముల లోపాలు. ఇంకో పదేళ్లయినా పని ఉందని వాళ్లే చెప్పారు. మీరు ఇప్పుడు వాటికోసం ఎదురుచూడొద్దు.

మీకు పనికొచ్చే విద్య పాతదే, పిండాల్ని గడ్డకట్టించి దాచడం. 1978 అక్టోబరు 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ దాచిన పిండంతోనే ఒక ఆడపిల్లను పుట్టించారు, ప్రపంచంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ పుట్టిన 70 రోజులకు. అప్పటి ప్రభుత్వ కమిటీ ఆయన్ను నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఆయన గొప్పతనాన్ని దేశం ఒప్పుకోవడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. గుడ్లు తక్కువున్నవాళ్లకు ఇప్పుడు మేము రెండు మూడు నెలలు విడతలుగా గుడ్లు తీసి, పిండాలుగా చేసి దాచి, తర్వాత ఒక్కొక్కటే గర్భసంచిలో పెడుతున్నామంటే దానికి దారి వేసినవాళ్లలో ఆయనొకరు.

మీరు చేయాల్సిన పనులు ఈ వరుసలో చేయండి. ఈ నెలలోనే ఆయన వీర్యపరీక్ష, మీకు థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్ల రక్తపరీక్షలు, నెలసరి రెండో రోజు స్కానింగ్. ఆ స్కానింగ్‌లో చాక్లెట్ సిస్ట్ మళ్లీ వచ్చిందేమో చూడమనండి. వచ్చి ఉంటే వెంటనే ఇంకో ఆపరేషన్‌కు ఒప్పుకోకండి, ఉన్న గుడ్లు ఇంకా తగ్గుతాయి. ఇంకొకరి సలహా తీసుకున్నాకే నిర్ణయించుకోండి. రక్తస్రావం ఆగాక, నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కేస్తే పదో రోజు లోపు, ట్యూబుల (గుడ్డు గర్భసంచికి చేరే గొట్టాల) ఎక్స్‌రే తీయించండి. చాక్లెట్ సిస్ట్ ఉన్నవాళ్లకు ట్యూబులు అతుక్కుపోవడం ఎక్కువ, అది ఏఎంహెచ్ కంటే పెద్ద అడ్డంకి. ట్యూబులు తెరిచి ఉండి, కౌంట్ బాగుంటే సరైన రోజుల్లో కలిసి నాలుగు నుంచి ఆరు నెలసరులు ప్రయత్నించండి. అంతకుమించి ఆగొద్దు. ట్యూబులు మూసుకుపోయినా, కౌంట్ బాగా తక్కువున్నా ఆ నెలలు కూడా వద్దు, మీ సొంత గుడ్లతో ఐవీఎఫ్‌కు వెళ్లండి. నెల్లూరులోనా, పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైలోనా అన్నది మీ వీలు. వెళ్లే చోటు 2021 చట్టం కింద రిజిస్టరైందో లేదో అడగండి, నంబరు గోడ మీద కనిపించేలా పెట్టి ఉండాలి. ఎన్ని గుడ్లు తీశారు, ఎన్ని పిండాలయ్యాయి, ఎన్ని దాచారన్న కాగితం ప్రతిసారీ అడిగి తీసుకోండి.

ఒకవేళ ఎప్పటికైనా దాత గుడ్డు దాకా వస్తే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఎంతోమంది తల్లుల ఒళ్లో అలా పుట్టిన బిడ్డల్ని చూశాను. అది అన్ని దారులూ చూశాక మీరిద్దరూ కూర్చుని తీసుకోవాల్సిన నిర్ణయం. దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడుకు మించి గుడ్లు తీయకూడదు, రిజిస్టరైన బ్యాంకు ద్వారానే రావాలి అని చట్టం ఉంది.

మీ అత్తగారు ఈసారి మొహర్రానికి నెల్లూరు బారాషహీద్ దర్గాకు తీసుకెళ్లి స్వర్ణాల చెరువులో సంతాన రొట్టె పట్టిస్తానన్నారని, వెళ్లాలా వద్దా అని అడిగారు. వెళ్లండి. ఆమె మీ మీద కోపంతో కాదు, మీకోసం ఆశతో అడుగుతున్నారు. నా దగ్గర వైద్యం చేయించుకుని బిడ్డను ఎత్తుకున్నవాళ్లు ఆ చెరువులో రొట్టెలు పంచడానికి వెళ్లడం నేను ఏటా చూస్తాను. కాకపోతే రొట్టెల పండుగ రోజులు మీ 9 నుంచి 12 రోజుల మధ్య పడితే ఆయన్ని కూడా రమ్మనండి. అత్తగారికి రిపోర్టు చెప్పేటప్పుడు మీరొక్కరే కూర్చుని చెప్పకండి. ఆయన పక్కనుండాలి, ఆయన రిపోర్టు కూడా అప్పటికి చేతిలో ఉండాలి. "గుడ్లు అయిపోయాయి" అన్న మాట వాడొద్దు. "ఆపరేషన్ వల్ల కొంచెం తగ్గాయి, ఉన్నవి బాగానే ఉంటాయన్నారు, ఇద్దరం చూపించుకుంటున్నాం" అని ఆయన నోటితోనే చెప్పించండి. ట్యూబుల ఎక్స్‌రే, కౌంట్ వచ్చాక ఆ రెండు కాగితాలూ ఫొటో తీసి మళ్లీ రాయండి, చూసి చెప్తాను.